పాత మోటార్‌సైకిల్‌కు ఐడెంటిఫికేషన్ ప్లేటు పోతే: మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించే దాకా సమగ్ర మార్గదర్శి

తుప్పు పట్టిన బండిని పూర్తిగా విప్పి, ఫ్రేమ్‌కు రంగు వేసి, ఇంజిన్ మోగించేదాకా వచ్చినవాళ్లు కూడా ఒక చిన్న రేకు ముక్క దగ్గర ఆగిపోతుంటారు. హ్యాండిల్ కింద, ఫ్రేమ్ మెడ మీద ఉండాల్సిన కంపెనీ ప్లేటు కనిపించదు. రివెట్ల బొక్కలు మాత్రం మిగిలి ఉంటాయి. ఎప్పుడో ఎవరో రంగు వేయడానికి పీకి పక్కన పెట్టి ఉంటారు, అది అక్కడే పోయి ఉంటుంది. రిజిస్ట్రేషన్ తనిఖీలో ఆ ఖాళీ చోటు మీదే ప్రశ్న వస్తుంది.

అప్పుడు చాలామంది చేసే పని ఆన్‌లైన్‌లో ఖాళీ ప్లేటు కొని, దాని మీద నంబరు కొట్టించి, రెండు రివెట్లు వేసేయడం. నిజానికి అది వరుసలో ఆఖరి పని. బండి గుర్తింపు ప్లేటులో లేదు, ఫ్రేమ్ లోహం మీద కొట్టిన నంబరులో ఉంది. ప్లేటు ఆ నంబరును మళ్లీ చెబుతుంది, అంతే. అందుకే ముందు నంబరు, తర్వాత కాగితాలు, ఆ తర్వాత అనుమతి, చివరికి ప్లేటు. ఈ వరుస తిరగబడితే నిజాయితీగా కొన్న బండి కూడా దొంగబండిలా కనిపిస్తుంది.

అసలు పోయింది ఏ ప్లేటు?

మోటార్‌సైకిల్ మీద గుర్తింపు చాలా చోట్ల ఉంటుంది. ఫ్రేమ్ మీద నేరుగా పంచ్‌తో కొట్టిన నంబరు ఒకటి, ఇంజిన్ కేసు మీద కొట్టిన నంబరు ఇంకొకటి. ఈ రెండూ ప్లేట్లు కావు, లోహంలోనే ఉంటాయి. మూడోది కంపెనీ బిగించిన రేకు ప్లేటు. దాని మీద కంపెనీ పేరు, మోడల్, ఫ్రేమ్ నంబరు, కొన్నిటి మీద ఇంజిన్ నంబరు, తయారైన నెల, సంవత్సరం, మోయగల బరువు ఉంటాయి. యూరప్ మార్కెట్‌కు వచ్చిన కొత్త తరం బండ్ల ప్లేటు మీద టైప్ అప్రూవల్ నంబరు (ఆ మోడల్‌కు అధికారులు ఇచ్చిన ఆమోదం నంబరు), నిలబెట్టి కొలిచిన శబ్దం ఎన్ని డెసిబెళ్లో కూడా రాసి ఉంటుంది. అమెరికాకు వెళ్లిన బండ్లకైతే, అక్కడి భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు తయారైందని చెప్పే సర్టిఫికేషన్ లేబుల్ హ్యాండిల్, స్టీరింగ్ మెడ కలిసే చోటుకు దగ్గరలో ఉంటుంది.

వెనక బిగించే రిజిస్ట్రేషన్ నంబర్ ప్లేటు సంగతి వేరు. అది పోతే ప్రభుత్వం ఇచ్చిన నంబరుకే మళ్లీ ప్లేటు చేయిస్తారు, దానికి మామూలు పద్ధతి ఉంటుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా కంపెనీ ప్లేటు గురించే.

ఒక తేడాను గట్టిగా గుర్తుపెట్టుకోండి. ప్లేటు పోయి ఫ్రేమ్ మీద నంబరు ఉంటే పని సులువు. ప్లేటు ఉండి ఫ్రేమ్ మీద నంబరు లేకపోతే కష్టం. రెండూ లేకపోతే మీ చేతిలో ఉన్న బండికి ప్రస్తుతం పేరు లేదు, ఆ పేరు అధికారులే పెట్టాలి.

నంబరును వెతకడం

ఫ్రేమ్ నంబరు ఎక్కువగా స్టీరింగ్ మెడకు కుడి పక్కనో ఎడమ పక్కనో ఉంటుంది. కొన్నిటికి ముందు గొట్టం పైభాగంలో, మరికొన్నిటికి సీటు కింద లగ్ (గొట్టాలు కలిసే అతుకు) మీద, ఇంజిన్ బిగించే చెవి దగ్గర ఉంటుంది. ఇంజిన్ నంబరు చాలా బ్రిటిష్ ట్విన్లలో (రెండు సిలిండర్ల బండ్లలో) ఎడమ కేసు మీద, సిలిండర్ అడుగుకు కొంచెం కింద దొరుకుతుంది. సిలిండర్లు రెండు పక్కలకూ పొడుచుకొచ్చే బీఎండబ్ల్యూ బాక్సర్లలో ఎడమవైపు ఆయిల్ డిప్‌స్టిక్ దగ్గర చూడండి.

వెతికే ముందు మీ మోడల్‌కు అసలు ఫ్రేమ్ నంబరు ఉండాలా లేదా అన్నది తెలుసుకోవాలి. హార్లే డేవిడ్‌సన్ 1969 మోడల్ దాకా బండి గుర్తింపు నంబరును ఇంజిన్ మీదే కొట్టింది. 1970 మోడల్ నుంచే ఫ్రేమ్ మీద కూడా వచ్చింది. అందువల్ల 1958 హార్లే ఫ్రేమ్ మీద నంబరు లేదని కంగారు పడక్కర్లేదు. పైగా అలాంటి ఫ్రేమ్ మీద నంబరు కనిపిస్తేనే, అది ఎవరు కొట్టారని ఆలోచించాలి.

రంగు కింద ఉన్నదాన్ని బయటికి తేవడం

ఈ దశలో తొందరపడితే నష్టం శాశ్వతం. గ్రైండర్, వైర్ వీల్, శాండ్‌బ్లాస్టింగ్ ఆ చోటుకు దగ్గరగా రాకూడదు. పాత పంచ్ గుర్తుల లోతు చాలా తక్కువ. వైర్ వీల్ కొన్ని సెకన్లలోనే వాటి అంచులను గుండ్రంగా చేసేస్తుంది. ఆ తర్వాత 3, 8 ఒకేలా కనిపిస్తాయి. ఇంకో ప్రమాదం ఏమిటంటే, గ్రైండింగ్ గీతలు పడిన నంబరు తనిఖీ చేసేవాళ్ల కంటికి దిద్దిన నంబరులాగే ఉంటుంది.

రంగు వదిలించే జెల్ పూసి, చెప్పినంతసేపు ఉంచి, ప్లాస్టిక్ లేదా చెక్క పలకతో గీకండి. గాలి ఆడేచోట చేతికి తొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకుని చేయాలి. లోపల ఇరుక్కున్న రంగును పాత టూత్‌బ్రష్‌తోనో మెత్తటి ఇత్తడి బ్రష్‌తోనో తీయండి. తుప్పు ఉంటే చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలేసి, గుడ్డతో తుడవండి. మళ్లీ వేయండి. ఓపికే ఇక్కడ పనిముట్టు.

లోహం బయటపడ్డాక టార్చిలైటును ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు ఫ్రేమ్‌కు ఆనించినట్టు పట్టుకోండి. అక్షరాల గుంటల్లో నీడ పడి చదవడానికి వస్తుంది. లైటును చుట్టూ తిప్పుతూ ఫోటోలు తీయండి, ఒక ఫోటోలో పక్కన స్కేలు కూడా పెట్టండి. సుద్దపొడి రుద్ది పైన తుడిచేస్తే గుంటల్లో తెల్లగా నిలుస్తుంది, అదీ పనికొస్తుంది. తర్వాత పలచని కాగితం పరిచి మెత్తటి పెన్సిల్‌ను అడ్డంగా రుద్ది ముద్ర తీయండి. చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ అని రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో అడిగేది ఇదే. రంగు వేయకముందు తీసిన ముద్ర ఎప్పుడూ స్పష్టంగా ఉంటుంది కాబట్టి రెండు మూడు తీసి దాచుకోండి.

నంబరు అరిగిపోయి అసలు కనిపించకపోతే? పంచ్ పడ్డప్పుడు కనిపించే గుంట అడుగున కూడా లోహం నలిగి గట్టిపడుతుంది. అందుకే పైభాగం అరగదీసినా కింద జాడ మిగిలే అవకాశం ఉంది. ఫోరెన్సిక్ నిపుణులు ఉక్కు మీద ఆమ్ల ద్రావణాలతో ఆ జాడను పైకి తెస్తారు. అయస్కాంత కణాల పద్ధతి లోహాన్ని తినేయదు కానీ ఉక్కు మీదే పనిచేస్తుంది, అల్యూమినియం ఇంజిన్ కేసు మీద కాదు. వీటిని ఇంట్లో ప్రయత్నించవద్దు. ఆమ్లం పూసిన ప్రతిసారీ మిగిలిన సాక్ష్యం కొంత కరుగుతుంది. ఇంకో పక్క, ఆ చోట మీరు ఏదో చేశారన్న గుర్తు మిగిలిపోతుంది. అధికారులకు చెప్పి, వాళ్లు సూచించిన నిపుణుడితోనే చేయించాలి.

చదివింది సరైనదేనా?

1, 7, ఐ ఒకదానికొకటి మారిపోతాయి. 5, 6, ఎస్ కూడా అంతే. సున్నా, ఓ, డి, క్యూల మధ్య తడబాటు సర్వసాధారణం. అందుకే మీరు చదివింది రాసిపెట్టుకుని, ముద్ర మాత్రమే చూపించి ఇంకొకరితో చదివించండి. మీ జవాబు ముందే చెబితే వాళ్లకూ అదే కనిపిస్తుంది.

17 అక్షరాల వీఐఎన్ (వాహన గుర్తింపు నంబరు) ఉన్న బండయితే కొంత సాయం దొరుకుతుంది. ఆ పద్ధతిలో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడనే వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించింది సున్నానో డీనో అయి ఉండాలి. మొదటి మూడు అక్షరాలు తయారీదారును చెబుతాయి: జేవైఏ అంటే యమహా, జేహెచ్2 అంటే హోండా, జెడ్‌డీఎం అంటే డుకాటీ, డబ్ల్యూబీ1 అంటే బీఎండబ్ల్యూ, 1హెచ్‌డీ అంటే హార్లే. అమెరికాలో 1981 మోడల్ నుంచి ఈ 17 అక్షరాల పద్ధతి తప్పనిసరి అయింది.

అమెరికా మార్కెట్ బండ్లలో తొమ్మిదో స్థానం చెక్ డిజిట్, అంటే మిగతా అక్షరాలను సరిచూసుకోవడానికి పెట్టిన గుర్తు. లెక్క కష్టమేమీ కాదు. ముందు అక్షరాలను అంకెలుగా మార్చాలి: ఏ నుంచి హెచ్ దాకా 1 నుంచి 8, జే నుంచి ఎన్ దాకా 1 నుంచి 5, పీ 7, ఆర్ 9, ఎస్ నుంచి జెడ్ దాకా 2 నుంచి 9. తర్వాత 17 స్థానాలను వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2, 10, 0, 9, 8, 7, 6, 5, 4, 3, 2 తో గుణించి కూడాలి. మొత్తాన్ని 11తో భాగిస్తే వచ్చే శేషమే తొమ్మిదో స్థానంలో ఉండాలి. శేషం 10 అయితే ఎక్స్ ఉంటుంది. ఒక అక్షరం తప్పు చదివితే సాధారణంగా లెక్క తప్పుతుంది. అయితే లెక్క కుదిరినంత మాత్రాన నంబరు అసలైనదని కాదు. పదిహేడు ఒకట్లు వరుసగా రాసి చూడండి, మొత్తం 89 వస్తుంది, శేషం 1, లెక్క చక్కగా కుదురుతుంది!

1980కి ముందు బండ్లలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. బ్రిటిష్ కంపెనీలు ట్రయంఫ్, బీఎస్‌ఏ 1969 నుంచి నంబరు ముందు రెండు అక్షరాలు పెట్టాయి. మొదటిది నెల, రెండోది మోడల్ సంవత్సరం. నెలలకు ఏ, బీ, సీ, డీ, ఈ, జీ, హెచ్, జే, కే, ఎన్, పీ, ఎక్స్ వరుసగా వాడారు. సంవత్సరాలకు సీ అంటే 1969, డీ అంటే 1970, ఈ అంటే 1971, జీ అంటే 1972. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మోడల్ సంవత్సరం అంతకుముందు వేసవి చివర్లోనే మొదలయ్యేది. అంటే ఎన్‌డీ అని ఉంటే 1970 మోడల్, కానీ తయారైంది 1969 అక్టోబరులో. దరఖాస్తులో తయారీ తేదీ ఒకటి, బండి వయసును ధ్రువీకరించే డేటింగ్ సర్టిఫికెట్‌లో మోడల్ ఇంకొకటి కనిపించడానికి తరచూ ఇదే కారణం. అడిగితే చెప్పగలిగేలా ఉండండి.

దిద్దిన ఆనవాళ్లు

నంబరు చదివాక దాని చుట్టూ ఉన్న లోహాన్ని చూడండి. ఆ చోట మాత్రమే గుంటపడి ఉందా? వెల్డింగ్ పూస ఉందా? ఒక అంకె మిగతావాటి కంటే లోతుగా, వేరే ఆకారంలో ఉందా? పాత ఫ్యాక్టరీల్లో చేత్తో ఒక్కో అక్షరం కొట్టేవాళ్లు కాబట్టి వరుస కొంచెం వంకరగా ఉండటం సహజమే, దానికి భయపడకండి. అంకెల ఆకారం మారడం వేరే సంగతి. 1960ల చివరి నుంచి ట్రయంఫ్ ఇంజిన్లలో నంబరు కొట్టే ఎత్తయిన పలక మీద చిన్న చిన్న ట్రయంఫ్ ముద్రలు నిండుగా ఉంటాయి, నంబరు వాటి మీద పడుతుంది. అరగదీస్తే ఆ ముద్రలు కూడా పోవాలని చేసిన ఏర్పాటది. నంబరు ఉండి ముద్రలు లేకపోతే అనుమానించాల్సిందే.

ఇంజిన్ నంబరు లేకపోవడానికి నిజాయితీ కారణం కూడా ఉంటుంది. కంపెనీలు విడిభాగంగా అమ్మిన క్రాంక్‌కేసులు (ఇంజిన్ కేసులు) నంబరు లేకుండా వచ్చేవి. పాత కేసు పగిలితే కొత్తదాని మీద డీలరు పాత నంబరు కొట్టేవాడు. అలా జరిగిందనడానికి బిల్లు దొరికితే బంగారమే.

దిద్దినట్టు అనిపిస్తే రెస్టోరేషన్ అక్కడే ఆపండి. ముందుగా పోలీసుల దగ్గర దొంగిలించిన బండ్ల జాబితాతో ఆ నంబరు సరిచూడాలి. అనుమానం లేకపోయినా ఈ పని చేయించి, చేయించినట్టు కాగితం తీసుకోవడం నా దృష్టిలో తప్పనిసరి. బండి మీద లక్షలు ఖర్చుపెట్టాక తెలియడం కంటే ముందే తెలియడం నయం.

కాగితాలు కూడగట్టడం

పాత రిజిస్ట్రేషన్ పుస్తకం, అమ్మకపు రసీదు, ఇన్సూరెన్స్, పన్ను కట్టిన చీటీ, కుటుంబ ఆల్బమ్‌లో నంబరు ప్లేటు కనిపించే ఫోటో, ఏదైనా పనికొస్తుంది. అమ్మిన వ్యక్తి ఇంకా అందుబాటులో ఉంటే, ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ రాసి సంతకం చేసిన అమ్మకపు పత్రం ఇప్పుడే తీసుకోండి. తర్వాత మనుషులు దొరకరు.

తయారీ వివరాలకు రెండు దారులున్నాయి. ఒకటి కంపెనీ ఆర్కైవ్. బీఎండబ్ల్యూ లాంటి కంపెనీలకు చారిత్రక విభాగాలు ఉన్నాయి, ఫ్రేమ్ నంబరు ఇస్తే ఎప్పుడు తయారైంది, ఎక్కడికి పంపారు అన్నది చెబుతాయి. రెండోది క్లబ్బులు. మూతపడిన పాత బ్రిటిష్ కంపెనీల డిస్పాచ్ రికార్డులు (ఫ్యాక్టరీ నుంచి బండ్లు పంపిన లెక్కలు) చాలావరకు ఈ క్లబ్బుల దగ్గరే ఉన్నాయి. బీఎస్‌ఏ, ట్రయంఫ్ రికార్డులు బ్రిటన్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ లైబ్రరీలో ఉన్నాయి. వాళ్లు ఇచ్చే డేటింగ్ సర్టిఫికెట్ బండి వయసుకు రుజువుగా నిలుస్తుంది. అడిగేటప్పుడు పెన్సిల్ ముద్ర, ఫోటోలు జతచేయండి. టైపు చేసిన నంబరు పంపి సర్టిఫికెట్ అడిగితే బాధ్యత గల క్లబ్బు ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా.

ఒక్కోసారి కాగితం మీద నంబరు, లోహం మీద నంబరు ఒక అంకె తేడాతో ఉంటాయి. ఎప్పుడో ఒక గుమస్తా 8ని 3గా రాసి ఉంటాడు. ఇలాంటప్పుడు ఇచ్చే సలహాల్లో అతి ప్రమాదకరమైనది "లోహం మీద కొంచెం దిద్దేస్తే పోలా" అన్నది. లోహం మీద ఉన్నదే నిజం. మార్చాల్సింది కాగితాన్ని. పెన్సిల్ ముద్ర, ఫ్యాక్టరీ రికార్డు చూపించి సవరణ కోరండి. సమయం పడుతుంది, కానీ అది నేరం కాదు.

అధికారులకు ముందే చెప్పడం

ప్లేటు చేయించకముందే రిజిస్ట్రేషన్ అధికారులకు రాతపూర్వకంగా అడగండి. కథ అంతా అవసరం లేదు. ఇలా రాస్తే సరిపోతుంది:

"ఈ మోటార్‌సైకిల్ ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు చెక్కుచెదరకుండా ఉంది. కంపెనీ బిగించిన రేకు ప్లేటు మాత్రం లేదు. అది ఉన్న చోట రివెట్ బొక్కలు అలాగే ఉన్నాయి. ఫ్రేమ్ మీద నంబరునే చూపిస్తూ కొత్త ప్లేటు బిగించుకోవడానికి అనుమతించాలని, లేదా ప్లేటు లేకుండానే తనిఖీ చేయాలని కోరుతున్నాను. పెన్సిల్ ముద్ర, ఫోటోలు, డేటింగ్ సర్టిఫికెట్ జతచేశాను."

ఆ చివరి ప్రత్యామ్నాయం ముఖ్యం. ఫ్రేమ్ నంబరు బాగుంటే పాత బండికి ప్లేటే అక్కర్లేదని జవాబు రావచ్చు. అప్పుడు ప్లేటు కేవలం అందం కోసమే. ఆ జవాబును కాగితం మీద తీసుకోండి. మౌఖికంగా ఒప్పుకున్న అధికారి బదిలీ అయితే మళ్లీ మొదటికే వస్తారు.

దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. అమెరికా సమాఖ్య చట్టంలో గుర్తింపు నంబరును తెలిసి తొలగించడం, మార్చడం ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. రిపేరుకు తప్పనిసరై తీయడానికి, రాష్ట్ర చట్టం ప్రకారం తిరిగి పెట్టడానికి అదే చట్టంలో మినహాయింపులున్నాయి. అసలు నంబరు లేని బండికి అక్కడ రాష్ట్రాలే కొత్త నంబరు ఇస్తాయి. బ్రిటన్‌లో వాహనాలను రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ ఆ పని చేస్తుంది. బండి వయసు, మూలం రుజువు కాకపోతే క్యూతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ వస్తుంది, పాత బండి విలువకు అది దెబ్బే. భారత్‌లో 2021లో వింటేజ్ వాహనాలకు వేరే నియమాలు తెచ్చారు. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయని బండ్లకు వీఏ అక్షరాలున్న నంబరు, పదేళ్ల గడువుతో రిజిస్ట్రేషన్ ఇస్తారు. పెద్ద మార్పులు ఉండకూడదన్న షరతు వల్ల ఫ్రేమ్, ఇంజిన్ అసలువేనని చూపించడం ఇక్కడ మరింత అవసరం.

ఫ్రేమ్ నంబరు పూర్తిగా లేని బండికి ఎక్కడైనా ఒకటే మాట. మీరుగా నంబరు కొట్టకూడదు, పాత కాగితంలో ఉన్న నంబరైనా సరే. అధికారులు ఒక నంబరు కేటాయించి, ఎవరు, ఎక్కడ, ఎంత పరిమాణంలో కొట్టాలో చెబుతారు. ఆ ప్రకారమే జరగాలి. వేరే ఫ్రేమ్ నుంచి పీకిన ప్లేటు అయితే ఎంత చవకగా దొరికినా ముట్టుకోవద్దు. అది ఇంకో బండి గుర్తింపు.

ప్లేటు చేయించడం

అనుమతి వచ్చింది. ఇప్పుడు అసలు ప్లేటు ఎలా ఉండేదో తెలుసుకోవాలి. అదే మోడల్, అదే సంవత్సరం, అదే మార్కెట్ బండి ఇంకొకటి దొరికితే దాని ప్లేటును కొలవండి: పొడవు, వెడల్పు, మందం, మూలల గుండ్రం, బొక్కల మధ్య దూరం. ఒకే మోడల్‌కు వేర్వేరు దేశాలకు వేర్వేరు ప్లేట్లు ఉండేవి. అమెరికా ప్లేటును యూరప్ బండికి పెడితే తెలిసినవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు. మీ ఫ్రేమ్ మీద ఉన్న బొక్కల దూరాన్ని వెర్నియర్‌తో కొలిస్తే సరైన ప్లేటు ఏదో సగం తేలిపోతుంది.

పాతవి ఎక్కువగా ఇత్తడి లేదా అల్యూమినియం. అక్షరాలను రసాయనంతో చెక్కి పల్లంలో నల్లరంగు నింపేవాళ్లు. అలా చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లేజర్ మార్కింగ్ త్వరగా అవుతుంది, అంచులు పదునుగా వస్తాయి, కానీ పాత ప్లేటు తీరు రాదు. నన్నడిగితే తనిఖీకి ఏదైనా చాలు. ప్రదర్శనకు పెట్టే బండయితే ఎచింగ్ (రసాయనంతో చెక్కడం) చేయించండి.

అమ్మేవాళ్లను ఎంచుకోవడంలో ఒక సూత్రం ఉంది. మీ కాగితాలు, ఫ్రేమ్ ఫోటో అడిగి, ఆ తర్వాతే నంబరు వేసేవాళ్లు మంచివాళ్లు. మీరు చెప్పిన ఏ నంబరైనా వేసి పంపుతామనేవాళ్లు ఇంకొకరికి మీ నంబరు కూడా వేసి పంపగలరు. ప్లేటు వెనక వైపు కొత్తగా చేసినదని, సంవత్సరంతో సహా చిన్నగా చెక్కించండి. ముందు కనిపించదు, కానీ రేపు ఎవరైనా విప్పితే మోసం చేసే ఉద్దేశం లేదని తెలుస్తుంది.

ఖాళీ ప్లేటు తెచ్చి నంబరు మీరే కొట్టుకుంటే, బండి మీద బిగించాక కొట్టవద్దు. చదునైన ఉక్కు దిమ్మ మీద పెట్టండి. అక్షరాలు ఒకే వరుసలో రావడానికి మాస్కింగ్ టేప్ అంటించి దాని అంచుకు పంచ్ ఆనించండి. నంబరును సరిగ్గా గడి మధ్యలో రప్పించడానికి మధ్య అక్షరంతో మొదలుపెట్టి రెండు వైపులకూ వెళ్లాలి. పంచ్ నిటారుగా, దెబ్బ ఒక్కటే. రెండో దెబ్బకు పంచ్ జరిగితే అంకె జంటగా పడుతుంది, అలాంటి అంకె ప్లేటు మీద ఉండకూడదు. ముందు అదే మందం రేకు మీద మొత్తం నంబరు కొట్టి చూసుకోండి. పాతదనం రావాలని కావాలనే వంకరగా కొట్టడం, గీతలు పెట్టడం వద్దు. ఫ్యాక్టరీ పొరపాటును అనుకరించడం నకిలీ చేయడమే.

బిగించడం

రంగు వేసేటప్పుడే దీని గురించి ఆలోచించాలి. పౌడర్ కోటింగ్ మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది, లోతు తక్కువ నంబర్లను దాదాపు పూడ్చేస్తుంది. సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు కాబట్టి మామూలు టేప్ నిలవదు. వేడి తట్టే టేప్‌తో నంబరు చోటును, సిలికాన్ బిరడాలతో రివెట్ బొక్కలను మూయమని ముందే చెప్పండి. తర్వాత నంబరు చోట పలచగా మామూలు రంగు వేసుకుంటే చాలు. పుట్టీ ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి.

బొక్కల్లో పాత రివెట్ మొండెం ఉంటే మధ్యలో సెంటర్ పంచ్ పెట్టి సన్నటి డ్రిల్‌తో జాగ్రత్తగా తీయాలి. బొక్క పెద్దది కాకూడదు. కొత్త బొక్కలు అసలు వేయవద్దు. ప్లేటు బొక్కలు కలవడం లేదంటే ప్లేటు తప్పు.

చాలా పాత బండ్లకు వాడింది డ్రైవ్ స్క్రూలు. చూడటానికి గుండ్రటి తల రివెట్‌లా ఉంటుంది, కాడకు వాలు మరలు ఉంటాయి, సుత్తితో కొడితే తిరుగుతూ దిగుతుంది. నంబరు 2 సైజుకు దాదాపు 2.2 మిల్లీమీటర్లు, నంబరు 4కు దాదాపు 2.6 మిల్లీమీటర్ల బొక్క సరిపోతుంది. మామూలు పాప్ రివెట్‌ను తల మధ్యలో ఉండే గుంటతో ఎవరైనా గుర్తుపడతారు. పాత బండి మీద అది కనిపిస్తే తనిఖీ చేసేవాళ్ల ప్రశ్నలు పెరుగుతాయి.

స్టీరింగ్ మెడ గుండ్రంగా ఉంటుంది, కాబట్టి ప్లేటును ముందే వంచుకోవాలి. మెడ కంటే కొంచెం సన్నటి గొట్టం మీద పలచని రబ్బరు పరిచి, ప్లేటును చేత్తో నొక్కుతూ వంచండి. వదిలాక కొంచెం వెనక్కి లేస్తుంది, అందుకే సన్నటి గొట్టం. నేరుగా బండి మీద పెట్టి కొడుతూ వంచితే మధ్యలో ఉబ్బుతుంది, రంగు చిట్లుతుంది.

అల్యూమినియం ప్లేటు, ఉక్కు ఫ్రేమ్ మధ్య తడి చేరితే తుప్పు మొదలవుతుంది. ప్లేటు వెనక పలచగా మైనం పూయండి. జిగురు వద్దు, రేపు తీయాల్సి వస్తే ప్లేటు నలుగుతుంది. నాలుగు స్క్రూలనూ సగం సగం దించి, ప్లేటు సరిగ్గా కూర్చుందని చూసుకుని, మూలకు ఎదురుమూలగా పూర్తిగా కొట్టండి. సుత్తి తల చిన్నదై ఉండాలి, చుట్టూ ఫ్రేమ్ మీద టేప్ అంటించి ఉంచండి. బొక్కలు మెడ లోపలికి తెరుచుకుని ఉంటే, స్టీరింగ్ బేరింగులు వేయకముందే ఈ పని ముగించి లోపల రజను తుడిచేయాలి.

తనిఖీ రోజు

ఫ్రేమ్ నంబరు కనిపించేలా కేబుళ్లు, హెడ్‌లైట్ వైరింగ్ పక్కకు కట్టి తీసుకెళ్లండి. ట్యాంకు విప్పితేనే కనిపించే నంబరైతే స్పానర్ వెంట ఉండాలి. ఫైలులో పై నుంచి వరుసగా అనుమతి పత్రం, పెన్సిల్ ముద్ర, రంగు వేయకముందు ఫోటోలు, డేటింగ్ సర్టిఫికెట్, కొన్న పత్రాలు, పోలీసు ధ్రువీకరణ, ప్లేటు చేయించిన బిల్లు పెట్టుకోండి. ప్లేటు కొత్తదన్న సంగతి అడగకముందే మీరే చెప్పండి. దాచారనిపిస్తే ఎంత మంచి ప్లేటయినా అనుమానంగానే కనిపిస్తుంది.

రిజిస్ట్రేషన్ పత్రం చేతికి రాగానే అక్కడే నిలబడి ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు ఒక్కో అక్షరం సరిచూసుకోండి. టైపింగ్ తప్పుంటే ఆ రోజే సరిచేయించడం తేలిక. ఆ తర్వాత ఫైలు మొత్తాన్ని స్కాన్ చేసి ఒక కాపీ ఇంట్లో, ఒకటి ఆన్‌లైన్‌లో ఉంచుకోండి. బండి ఎప్పుడైనా అమ్మితే ఈ ఫైలు కూడా కొన్నవారికి ఇవ్వాలి. ప్లేటు ఎప్పుడు, ఎవరి అనుమతితో కొత్తగా వేశారో అమ్మకపు పత్రంలో ఒక వాక్యం రాయండి.